సర్వర్ కోసం మొక్కిన పొట్టేలు

నార్కట్‌పల్లిలో హైవే పక్కన, సర్వీసు రోడ్డు మీద, పంక్చర్ కొట్టుకూ టిఫిన్ సెంటరుకూ మధ్య ఇరుక్కున్న రక్తపరీక్షల ల్యాబులో నేను ఆపరేటర్ని. పేరుకే కంప్యూటర్ ఆపరేటర్. పొద్దున షట్టర్ ఎత్తడం, ఊడవడం, సూదంటే భయపడేవాళ్ళ చేయి పట్టుకోవడం, రిపోర్టు రాలేదని తిట్టేవాళ్ళ తిట్లు వినడం, అవసరమైతే తిరిగి నాలుగు అనడం, అన్నీ నా పనులే. ఆ చివరి పనిలో నాకు బాగా పేరు వచ్చింది. "ఆ ల్యాబుల పిల్ల నోరు మంచిది గాదు గని పని మంచిది" అని మా సారుతో ఎవరో అన్నారట. సారు దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు. నేను కూడా అంతే.

మాది అక్కడి నుంచి ఆటోలో పోయేంత దూరంలో ఉన్న ఊరు, గొర్రెలు మేపుకునే ఇల్లు. మా ఇంట్లో డిగ్రీ చదివి కుర్చీలో కూర్చున్న మొదటి మనిషిని నేనే. నా ఉద్యోగం ఏమిటో బాపుకు సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే "మిషన్ కాడ కూసుంటది" అనేవాడు, కొంచెం గొంతు పెంచి.

రాష్ట్రం వచ్చిన తరువాత సర్కారు ఇచ్చిన తెల్ల గొర్రెలు కొన్ని మా మందలో కలిశాయి. బాపు వాటిని కొత్త చుట్టాల్లా మర్యాదగా చూసుకునేవాడు తప్ప మనసిచ్చేవాడు కాదు. ఆయన మనసంతా మా పాత నల్ల గొర్రెల మీదే ఉండేది. వాటిలోనూ ఒక పొట్టేలు మీద మరీను. దాని తల్లి ఈనుతూనే చచ్చిపోతే అమ్మ సీసా పాలు పట్టి సాకింది. "నల్లోడా" అని పిలిస్తే మందలో ఏ మూల ఉన్నా ఉరికి వచ్చేది. కొమ్ములు తిరిగి, మెడ బలిసి, ఒక మనిషిని పడగొట్టేంత బలం వచ్చాక కూడా అది అమ్మ కొంగు నమలడం మానలేదు.

అమ్మ రొమ్ములో గడ్డ కనిపించినప్పుడు నింద దాని మీదే పడింది. "నల్లోడు ఆటల కుమ్మిండు, గందుకే వాసింది, తగ్గుతది తియ్" అని చెప్పింది అమ్మ. మేమూ నమ్మాం. బాపు ఆ పొట్టేలును నోటికొచ్చినట్టు తిట్టి కొన్నాళ్ళు అమ్మకు దూరంగా కట్టేశాడు. గడ్డ గట్టిపడి, కుడి చేయి పైకి లేవక, నీళ్ళ బిందె నా చేతికి అందించిన రోజు గానీ అసలు సంగతి బయటపడలేదు. వారానికోసారి మా రోడ్డుకు వచ్చే సర్జన్ డాక్టరు చూసి, గడ్డలో నుంచి చిన్న ముక్క తీసి, మందు పోసిన డబ్బాలో వేసి నా చేతికే ఇచ్చాడు. "మీ ల్యాబు నుంచే పంపమ్మా. రిపోర్టు రానీ, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు.

రక్తం, మూత్రం, షుగర్ లాంటివి మేమే చూసేవాళ్ళం. ఇలాంటి ముక్కలు మాత్రం కొరియర్ సంచిలో హైదరాబాదు పోయి, అక్కడి నుంచి బెంగుళూరులోని పెద్ద ల్యాబుకు పోయేవి. రిపోర్టు కాగితంగా రాదు, మా ల్యాబు మెయిల్‌కు వస్తుంది. నేను ప్రింటు తీసి, ముద్ర కొట్టి, కవరులో పెట్టి ఇస్తాను. ఎన్ని వందల కవర్లు ఇచ్చానో నాకే తెలియదు. అమ్మ డబ్బా మీద పేరు రాసి చీటీ అతికించేటప్పుడు మాత్రం నా దస్తూరి నాకే కొత్తగా కనిపించింది.

రిపోర్టు రావాల్సిన వారం మొదట్లోనే, పొద్దున నేను ల్యాబు తెరిచి స్విచ్ వేసేసరికి కంప్యూటర్ తనంతట తానే అప్‌డేట్ చేసుకోవడం మొదలుపెట్టింది. నీలం తెర, మధ్యలో గుండ్రంగా తిరిగే చుక్కలు, మధ్యలో ఆపవద్దని ఒక హెచ్చరిక. ఎవరు అడిగారు దీన్ని? బయట పరగడుపున వచ్చిన షుగర్ వాళ్ళు సణుగుతుంటే, నేను ఆ చుక్కలను చూస్తూ కూర్చున్నాను. చివరికి అన్నీ తెరుచుకున్నాయి. బొమ్మల రంగులు కాస్త మారాయి, అక్షరాలు కాస్త సన్నబడ్డాయి. మెయిల్ తెరిస్తే మాత్రం, సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదు అని ఒక చిన్న పెట్టె ఎగిరి వచ్చింది. సరే అని నొక్కితే పోయింది. ఊపిరి పీల్చుకునేలోపు మళ్ళీ వచ్చింది.

నాకు తెలిసిన వైద్యమంతా చేశాను. మోడెమ్ వైరు పీకి మళ్ళీ పెట్టాను. నా ఫోన్ నుంచి నెట్ ఇచ్చి చూశాను. కంప్యూటర్‌లో తేదీ, టైము తప్పుగా ఉన్నాయేమో సరిచూశాను. వైరస్‌లు ఆపే ప్రోగ్రామ్ అడ్డుపడుతోందేమోనని దాన్ని కాసేపు పడుకోబెట్టాను. మెయిల్ ప్రోగ్రామ్‌ను తీసేసి మళ్ళీ ఎక్కిద్దామనుకున్నాను గానీ, పాత మెయిల్స్ అన్నీ దాని కడుపులోనే ఉన్నాయి, పోతే ఎవరు జవాబు చెప్పాలి? నెట్ బాగానే ఉంది, సినిమా పాటలు వస్తున్నాయి, వాతావరణం వస్తోంది, ఆ ఒక్క మెయిల్ తప్ప ప్రపంచమంతా నా బల్ల మీదికి వస్తోంది.

బెంగుళూరు ల్యాబుకు ఫోన్ చేశాను. అక్కడి అమ్మాయి హిందీలో మెత్తగా మాట్లాడింది. రిపోర్టు తయారైందని, మెయిల్ పంపేశామని చెప్పింది. ఏముందో ఫోన్లో చెప్పమన్నాను. ఆ రకం రిపోర్టులు ఫోన్లో చెప్పకూడదు మేడమ్ అంది. ఆ రకం అన్న మాట నాలో ఎక్కడో దిగబడింది. పోనీ వేరే మెయిల్‌కు పంపమన్నాను. పంపుతాం, అయితే మీ పాత మెయిల్ నుంచి మాకొక రిక్వెస్ట్ మెయిల్ రావాలి అంది.

"ఆ మెయిలే పనిచేయడం లేదని కదా మీకు ఫోన్ చేసింది?" అన్నాను.

"అర్థమైంది మేడమ్. కానీ రిక్వెస్ట్ ఆ మెయిల్ నుంచే రావాలి."

నాకు ఒళ్ళు మండిపోయింది. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నవాడితో, తలుపు తీసి తాళంచెవి తెచ్చుకో అన్నట్టుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత ఊరికే పుట్టలేదు. నాకు తెలిసిన హిందీలో నాలుగు మాటలు అన్నాను. అవి ఆమెకు చెందాల్సినవి కావని తెలిసే అన్నాను. ఆమె మాత్రం చివరిదాకా మేడమ్ అనే పిలిచింది.

మా సారు అప్పుడు కుటుంబంతో కాశీ యాత్రలో ఉన్నాడు. ఎప్పుడో ఫోన్ కలిస్తే, "ఏం చేస్తవో చెయ్యమ్మా, మిషన్ సంగతి నాకేం తెల్సు" అన్నాడు. వెనుక గంటలు వినిపించాయి. మెయిల్ సౌకర్యం ఇచ్చే కంపెనీకి ఫోన్ చేస్తే సంగీతం వినిపించి, ఇంకొకరికి కలిపి, మళ్ళీ సంగీతం వినిపించేవాళ్ళు. ఆ పాట నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

సాయంత్రం ఇంటికి పోగానే బాపు మంద దగ్గర నుంచే కేక వేసేవాడు.

"వచ్చిందా బిడ్డా?"

"రాలే బాపు. సర్వర్ కలుస్తలేదు."

"అదెవలు?"

"మనిషి గాదు బాపు. మిషన్."

"యాడుంటది?"

"నాకూ తెల్వది. ఏడనో దూరం."

"మరి దానితోని మాట్లాడినవా?"

"పొద్దటిసంది మాట్లాడుతనే ఉన్న. అదే పలుకుతలేదు."

బాపు కర్రను గడ్డం కింద ఆనించుకుని నిలబడ్డాడు. పలకని మనుషులతో, పలకని జీవాలతో ఆయనకు అలవాటే. పలకని సర్వర్ ఒకటి తన భార్య సంగతి దాచిపెట్టుకుని కూర్చోవడం మాత్రం ఆయనకు మింగుడు పడలేదు. అవి కోతలైపోయిన రోజులు. ఊళ్ళో మిగతా మందలన్నీ మేత కోసం కాలువ కింది పొలాల వైపు తరలిపోయాయి. మా మంద ఒక్కటే మిగిలింది. ఇక్కడ గడ్డి లేదు, గొర్రెలు ఎండిన తుమ్మ కాయలు ఏరుకు తింటున్నాయి.

"రోగమంటె దవాఖానకు తీస్కపోత. కాదంటె మంద తోలుకొని పోత. ఎటూ గాకుంట చేసింది గా మిషన్" అన్నాడు బాపు.

అమ్మ నా కంచంలో అన్నం వడ్డిస్తూ, "రాకుంటె రాకపాయె. దినాం గదే ముచ్చట. తిననియ్యి పిల్లను" అంది. అమ్మకు ఆ కాగితం మీద నమ్మకమూ లేదు, తొందరా లేదు. ఎడమ చేత్తో వడ్డించడం అప్పటికే అలవాటు చేసుకుంది. నా బుర్ర మాత్రం అసలు విరోధి ఆ సర్వరే అన్నట్టు తయారైంది. గడ్డ గురించి ఆలోచించడానికి భయమేసి, సర్వర్ మీద పళ్ళు నూరుతూ గడిపేదాన్ని. అదే మాట ఇంట్లోనూ అన్నాను.

"గా సర్వర్ ఒక్కటి కలవనీ బాపు. కలిస్తె చాలు, అంత అయిపోతది" అన్నాను.

బాపు ఆ మాటను జాగ్రత్తగా విన్నాడు. నేను అన్నం కలుపుకుంటూ అన్న మాట అది.

చివరికి మెయిల్ కంపెనీలో ఒక ఓపికమంతుడు దొరికాడు. గుంటూరు వైపు యాస. నేను చెప్పిందంతా విని, నా తెర మీద ఏముందో చదివించుకుని, విషయం చెప్పాడు. మెయిల్ వచ్చే పాత దారిని భద్రత కోసం మూసేసి కొత్త దారి తెరిచారట. అప్‌డేట్ అయిన కంప్యూటర్ పాత దారిలో పోనివ్వదు, మా ప్రోగ్రామ్‌కేమో కొత్త దారి తెలియదు. అందుకే మూసిన తలుపునే కొడుతూ కూర్చుంది. సెట్టింగుల్లో ఒక అంకె మార్చి, ఒక చోట టిక్కు పెట్టమన్నాడు. పెట్టాను. ఆ పాడు పెట్టె మళ్ళీ రాలేదు. కుర్చీలో నుంచి లేచి ఎగిరినంత పని చేశాను.

అప్పుడు ఇంకో పెట్టె వచ్చింది. పాస్‌వర్డ్ అడుగుతోంది.

ఏనుగు పోయి తోక చిక్కింది. ఇన్నేళ్ళూ ఆ పాస్‌వర్డ్ ప్రోగ్రామే గుర్తుపెట్టుకుంది, మేమెవరమూ కొట్టలేదు. మార్చుకుందామంటే దానికి కోడ్ వచ్చే ఫోన్ నంబరు ఎప్పుడో పోయిన సిమ్‌ది. సారుకు ఫోన్ చేస్తే, "పాస్‌వర్డా? అది మిషన్‌కే తెల్సు గద" అన్నాడు. అది తెలిసిన మనిషి ఒక్కతే. నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయి. పెళ్ళై తిరుమలగిరికి పోయింది. ఆమె నంబరు టిఫిన్ సెంటర్ అమ్మ దగ్గర దొరికింది. ఫోన్ మొదట వాళ్ళ అత్త ఎత్తి నా వంశమంతా అడిగి, తరువాత ఆమెకు ఇచ్చింది.

"యాదికొస్తలేదక్కా. ఎన్నేండ్లాయె. నోటితోని చెప్పుమంటె వస్తలేదు" అందామె. మళ్ళీ తనే, "చేతికి యాదుంటదేమొ. ఆ కుర్చీల కూసుంటె వస్తదేమొ" అంది.

రేపు రమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. చంకలో పసిబిడ్డ, ఎండ, రెండు బస్సులు. ఎవరి రిపోర్టు అని ఆమే అడిగింది. మా అమ్మది అన్నాను. "వస్త తియ్యక్కా" అంది వెంటనే.

మరునాడు మధ్యాహ్నానికి వచ్చింది. బిడ్డను నా చేతిలో పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, నా కుర్చీలో కూర్చుంది. కళ్ళు మూసుకుని వేళ్ళు ఆడించింది. తప్పు అంది మిషన్. మళ్ళీ ఆడించింది. మళ్ళీ తప్పు అంది. "నువ్వు కుర్చీ ఎత్తు పెంచినవక్కా, గందుకే" అని కుర్చీని కిందికి దించుకుంది. బిడ్డ ఏడుపు అందుకుంది. ఆమె బిడ్డ వైపు తిరిగి, "ఆగు నాన్నా, వస్తున్న" అంటూనే, తెర వైపు చూడకుండానే, వేళ్ళను గబగబా పోనిచ్చింది. ఈసారి మిషన్ ఏమీ అనలేదు. చిన్నగా టింగుమంది.

మెయిల్స్ ఒకదాని వెనుక ఒకటి దిగడం మొదలుపెట్టాయి. థైరాయిడ్ వాళ్ళవి, మూత్రపిండాల రాళ్ళవి, చిట్యాల నుంచి వచ్చే ముసలాయన కామెర్లది. ఒక్కొక్క పేరు దిగుతుంటే ఆ మనిషి ముఖం గుర్తుకొచ్చింది. చిట్టచివరలో అమ్మ పేరు దిగింది. బిడ్డ నా భుజం మీద ఉంది. ఒక చేత్తో తెరిచాను.

అలాంటి రిపోర్టులు చదివీ చదివీ, మొదట ఎక్కడ చూడాలో నాకు తెలిసిపోయింది. పైనంతా ముక్క పొడవు, వెడల్పు, రంగు రాస్తారు. అసలు మాట కింద ఉంటుంది. అది చూశాను. ఆ మాట అక్కడ ఉంది.

కోపం వచ్చింది నాకు, ఏడుపు కాదు. వారం పొడుగునా ఎవరెవరినో తిట్టి, బతిమాలి, బిడ్డతల్లిని ఎండలో రప్పించి, దీని కోసమా నేను ఇంత కొట్లాడింది? ఆ పెట్టె ఎగిరి వచ్చిన ప్రతిసారీ దాన్ని శపించాను. మళ్ళీ ఒక్కసారి అది వచ్చి, కనెక్షన్ కుదరలేదు అంటే బాగుండు అనిపించింది. తిరుమలగిరి అమ్మాయి నా ముఖం చూసి, లేచి, నా భుజం మీద నుంచి తన బిడ్డను మెల్లగా తీసుకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు.

మిగతావాళ్ళ కవర్లు ఇచ్చి, షట్టర్ దించి ఇంటికి పోయేసరికి పొద్దు ఇంకా ఉంది. బాపు దొడ్డి దగ్గర ముళ్ళకంప సరిచేస్తున్నాడు. అమ్మ ఇంటి ముందు చేటలో బియ్యం ఏరుతోంది, నల్లోడు పక్కన నిలబడి ఆమె కొంగు నములుతోంది.

"కలిసిందా బిడ్డా?" అన్నాడు బాపు.

"కలిసింది" అన్నాను.

తరువాతి మాట చెప్పేదాకా బాపు ఆగలేదు. చేతిలో కంప కింద పడేసి, ఊరవతల గుట్ట వైపు తిరిగి, రెండు చేతులు ఎత్తి దండం పెట్టాడు. ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా ఉంది. అంత సంతోషంగా ఆయనను నేను అంతకు ముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు.

"మాట నిలవెట్టుకున్నవు తల్లీ. నా మాట నేను నిలవెట్టుకుంట" అన్నాడు.

అమ్మ చేట కింద పెట్టింది. ఆమె బాపును చూడలేదు, నన్నే చూసింది. "ఏం మొక్కినవయ్యా?" అని మాత్రం ఆయనను అడిగింది.

"నల్లోన్ని ఇస్తనన్న. గుట్ట మైసమ్మకు. నా బిడ్డకు గా సర్వర్ కలిపియ్యి తల్లీ, నా మందల ఉన్న మంచి జీవాన్ని ఇస్త అని మొక్కిన."

నేను కవరు తీసి ఉన్న మాట చెప్పేశాను. ఎలా చెప్పానో నాకు గుర్తు లేదు. బాపు చేతులు ఇంకా పూర్తిగా కిందికి దిగలేదు, అలాగే ఛాతీ దగ్గర ఆగిపోయాయి. ఆయన నేల మీద కూర్చున్నాడు.

నా నోరు ఊరుకోలేదు. "కాగితం మంచిగ రావాలె అని మొక్కాలె గద బాపు. గడ్డ మంచిది గావాలె అని మొక్కాలె గద. సర్వర్ కలవాలని ఎవలన్న మొక్కుతరా?" అన్నాను.

"నువ్వు చెప్పిందే మొక్కిన బిడ్డా" అన్నాడు బాపు. "అది కలిస్తె చాలు, అంత అయిపోతదంటివి. కష్టం గదే అనుకున్న. దేవతను రెండు అడుగొద్దని ఒకటే అడిగిన."

ఆయన మాటలో నింద లేదు. ఉంటే బాగుండేది. నేనూ నేల మీదే కూర్చుండిపోయాను. మా ఇళ్ళలో మొక్కు అంటే మాట. ఒక్క జీవానికి ఒక్క కోరిక అడుగుతారు, ఏది అడిగారో అదే లెక్క, మనసులో ఏమనుకున్నారో కాదు. ఆయన మనసులో అడిగింది అమ్మ ప్రాణం. నోటితో అడిగింది సర్వర్.

ఆ మొక్కు తీర్చొద్దని నేను పోట్లాడాను. ఏం చేసిందని ఇవ్వాలి ఆ తల్లికి, ఏం మిగిల్చిందని? సెట్టింగుల్లో ఆ అంకె చెప్పింది గుంటూరాయన, పాస్‌వర్డ్ కొట్టింది తిరుమలగిరి అమ్మాయి, ఇవ్వాలంటే వాళ్ళకు ఇవ్వండి అన్నాను. జవాబు అమ్మే చెప్పింది.

"అడిగింది ఇచ్చింది గద. అడగంది ఇయ్యలేదని ఎగ్గొడ్తమా? నేను దవాఖానకు పోయేటప్పుడు ఎనుక మొక్కు పెట్టుకొని పోను. ఇచ్చేటిది ఇచ్చేసి పోదాం."

ఆ ఆదివారమే పోయాం. గుట్ట కింద రాయికి పసుపు పూసి, బోనం పెట్టి, చుట్టాలు నలుగురూ చేరారు. ఊళ్ళోవాళ్ళు పొట్టేలును చూసి, రిపోర్టు మంచిగా వచ్చిందనే అనుకున్నారు. మంచిగా రాకపోతే ఎవరైనా పొట్టేలును కోస్తారా? "సల్లగున్నవు తియ్ వదినా, గండం గడిచింది" అని ఒకామె అమ్మ చేతులు పట్టుకుంది. అమ్మ తన చేతులు విడిపించుకోలేదు.

నల్లోడి మీద పసుపు నీళ్ళు చల్లారు. అలా చల్లితే జీవం ఒళ్ళు దులుపుకోవాలి. దులుపుకుంటే తల్లి ఒప్పుకున్నట్టు, అంతవరకు కత్తి ఎత్తరు. నల్లోడు దులపలేదు. ఇంకా చల్లారు. అది తడిసి నిలబడి, జనంలో అమ్మ ఎక్కడుందా అని తల తిప్పుతూ చూస్తోంది. బాపు చెంబు పట్టుకుని వచ్చి, "తప్పైంది తల్లీ, అడుగుడు తెల్వక అడిగిన" అని మొదలుపెట్టి ఏడ్చేశాడు. చెంబు ఒరిగి నీళ్ళన్నీ ఆయన కాళ్ళ మీదే పడ్డాయి. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సంతోషపు మొక్కులో మగవాడు అలా ఏడవడం వాళ్ళకు అర్థం కాలేదు.

అమ్మ లేచి వచ్చింది. బాపు చేతిలో చెంబు తీసుకుని మళ్ళీ నింపుకుంది. నల్లోడి పక్కన కూర్చుని, ఎడమ చేయి దాని మెడ చుట్టూ వేసి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది.

"నువ్వు కుమ్మలేదురా. నీ మీద లేని నింద ఏసిన. భయమైతాంటె నీ పేరు చెప్పిన. మనసుల పెట్టుకోకు. పో, నా బిడ్డా."

నీళ్ళు పోసింది. అది కొమ్ముల నుంచి తోక దాకా ఒక్కసారి ఒళ్ళు దులిపింది. ఆ పసుపు నీళ్ళు అమ్మ ముఖం మీద, రవికె మీద, గడ్డ ఉన్న వైపంతా పడ్డాయి. ఆమె తుడుచుకోలేదు. లేచి వెనక్కి తిరగకుండా పొయ్యి దగ్గరికి పోయింది. మధ్యాహ్నం అందరికీ తనే వడ్డించింది, ఎడమ చేత్తో. మా ముగ్గురి ఆకుల్లో ఆ కూర లేదు.

మరుసటి వారం నుంచి హైదరాబాదు పెద్దదవాఖానకు తిరగడం మొదలైంది. మొదటి రోజే అక్కడి డాక్టరమ్మను నేను అడిగాను, రిపోర్టు ఆ వారం ఆలస్యం కాకుండా ఉంటే ఏమైనా తేడా ఉండేదా అని. వారానికి ఏమీ ఉండదమ్మా, ఇది ఎప్పటిదో అంది. ఆ మాట నేను బాపుకు చెప్పలేదు. తన మొక్కు వల్లే కాగితం తొందరగా వచ్చిందని, తొందరగా వచ్చింది కాబట్టే అమ్మ ఆ మాత్రమన్నా మాతో ఉందని ఆయన నమ్ముతాడు. ఆయనకు మిగిలింది అదొక్కటే. మరుసటి ఏడు తొలకరి పడేనాటికి అమ్మ లేదు.

నేను ఇంకా ఆ కుర్చీలోనే కూర్చుంటున్నాను. ఎత్తు మళ్ళీ పెంచుకోలేదు. అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి, ఏదో ఒకటి తెగుతూనే ఉంటుంది. మొన్న వానలకు రెండు రోజులు మెయిల్ కలవలేదు. ఎవరిదో బయాప్సీ రిపోర్టు ఆగిపోయి, వాళ్ళ కొడుకు కౌంటర్ దగ్గర నన్ను నానా మాటలు అన్నాడు. నేను తిరిగి ఒక్క మాటా అనలేదు. కూర్చోమని నీళ్ళిచ్చాను.

సాయంత్రం ఇంటికి పోతే బాపు దొడ్డి దగ్గర నుంచే అడిగాడు, "మిషన్ మంచిగనే నడుస్తాందా బిడ్డా?" అని. ఆయన వెనుక మందలో ఈ ఏడు పెరిగిన పొట్టేళ్ళు నిలబడి ఉన్నాయి. ఒకదాని ఒళ్ళు నలుపు.

"మంచిగనే నడుస్తాంది బాపు. అన్ని కలుస్తున్నయ్. ఏం ఫికర్ లేదు" అన్నాను.